బగ్రాం బేస్ మెస్ రివ్యూ: వడ్డించినోడి మాట

రేటింగ్ చూసి పక్కకు పోయేటోళ్ల కోసం ముందే రాస్తున్న. తిండికి 5కి 4. శుభ్రతకు 5కి 5. మా లేబర్ మెస్‌కు 2. నన్ను అక్కడికి తీస్కపోయిన ఏజెంట్‌కు సున్నా. ఇగ ఆ మెస్ ఏ పని కోసం నడిచిందో, ఆ పనికి ఎన్ని మార్కులియ్యాల్నో చదివినంక మీరే వేసుకోండ్రి.

బగ్రాం అంటే కాబూల్‌కు ఉత్తరాన, పర్వాన్ రాష్ట్రంల, చుట్టూ హిందూకుష్ కొండలున్న మైదానం. మొదట్ల రష్యనోళ్ల రన్‌వే, 2001 నించి అమెరికోళ్ల బేస్. 2021 జులై మొదట్ల రాత్రికి రాత్రి ఖాళీ చేసి పోయిన్రు, కాబట్టి ఇప్పుడు పోయి తిందామంటే ఆ మెస్ లేదు. అయినా ఎందుకు రాస్తున్ననంటే, కువైట్, జోర్డాన్ దిక్కు అమెరికా క్యాంపులల్ల పని ఇంకా ఉన్నది. పిల్లలు ఫోన్లు చేస్తనే ఉంటరు: "కాకా, క్యాంపుల తిండి ఎట్లుంటది, పని ఎట్లుంటది, పోవచ్చునా?" ఒక్కొక్కనికి చెప్పుకుంట కూసునుడు కంటే ఒక్కసారి రాసిపెడితే అయిపోతది. ఒబామా 2009 డిసెంబర్ 1న ఇంకో 30,000 మంది సైనికులను పంపుతనని చెప్పినంక క్యాంపులన్నిట్ల పనోళ్ల కోసం వెతుకులాట మొదలైంది. ఆ ఊపుల పోయినోళ్లల్ల నేనొకణ్ని. మొదట వడ్డించే లైన్ల, తర్వాత వెనుక స్టోర్ల పనిచేసిన.

మెస్‌ను అక్కడ డీఫ్యాక్ అంటరు. బయట నించి చూస్తే హోటల్ కాదు, కాంక్రీటు గోడల గోదాం. బ్యాగులు లోపలికి రావు. సైనికుడు తుపాకి మాత్రం తెచ్చుకోవచ్చు, గని ఛాంబర్ల తూటా లేదని ముందుగాల చూపియ్యాలె. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే ఇరాక్‌ల జరిగిన ముచ్చట. 2004 డిసెంబర్ 21న మోసుల్ బేస్‌ల మధ్యాహ్నం బువ్వ టైముకు ఒకడు మెస్ టెంటులకు వచ్చి పేల్చుకున్నడు. 22 మంది పోయిన్రు, అండ్ల 14 మంది అమెరికా సైనికులు. టెంటుల వందల మంది ఒక్కచోట కూసుండి తింటుంటే అంతకంటే సులువైన గురి ఇంకేముంటది? అప్పటి నించి మెస్ అంటే గోడలు మందం, తలుపులు తక్కువ.

తలుపు కాడ చేతులు కడిగే నల్లాల వరుస. కడగకుంటే లోపలికి పోనియ్యరు, జనరల్‌నైనా సరే. నల్లాలు దాటంగనే ఒక పిల్లగాడు బొటనవేలి కింద స్టీలు క్లిక్కర్ పట్టుకుని కూసుంటడు. ఒక మనిషి లోపలికి వస్తే ఒక టిక్కు. ఆ టిక్కుల మీదనే కాంట్రాక్టరు బిల్లు, ఆ టిక్కుల మీదనే రేపటి కోడి ఎన్ని కిలోలు కరిగించాల్నో లెక్క. మా సూపర్‌వైజర్ ఒక బోస్నియా మనిషి. ఎవలైనా ఒక టిక్కు మరిస్తే సాల్ట్ డబ్బా ఎత్తేసినట్టు లొల్లి చేస్తుండె. నేను మెస్‌ల నేర్చుకున్న మొదటి సంగతి ఇదే: ఈడ తల లెక్కకు రావాలె.

ఇగ తిండి. లోపల నాలుగు లైన్లు. మెయిన్ లైన్ల రోస్ట్ బీఫ్, కోడి, మక్క గింజలు, మెదిపిన ఆలుగడ్డ. రెండోది షార్ట్ ఆర్డర్: బర్గర్లు, హాట్ డాగ్‌లు, ఫ్రైలు. మూడోది సలాడ్, నాలుగోది తీపి. ఐస్‌క్రీం ఫ్రీజర్ల ముందర ఆరడుగుల మనుషులు చిన్నపిల్లల లెక్క తొంగి చూస్తుంటరు. ఫ్రిజ్జులల్ల గేటరేడ్, పాలు, సారా లేని బీరు. అసలు బీరు దొరకదు, జనరల్ ఆర్డర్ నంబర్ 1 కింద మందు బంద్. రోజుకు నాలుగు పూటలు, నాలుగోది అర్ధరాత్రి పూట. రాత్రి హెలికాప్టర్ల మీద పోయి వచ్చేటోళ్లు, మెకానిక్‌లు అప్పుడొస్తరు. నాకు నచ్చిన షిఫ్టు అదే. జనం తక్కువ, మాటలు తక్కువ, గుడ్డు ఎట్ల కావాల్నంటే అట్ల ఏసిచ్చేంత తీరిక.

వంటోని కన్నుతోని చెప్తున్న: కోడిగుడ్ల ఆమ్లెట్ లైన్ ఫస్ట్ క్లాస్. పెనం ఎప్పుడూ మంచి వేడి మీద, గుడ్డు మన ముందటనే కొడతరు. పొద్దుటి బిస్కెట్, గ్రేవీ మనకు పిండి గంజి తీరుగ ఉంటది, గని చలికాలంల బగ్రాంల మంచు పడ్డప్పుడు అది తిన్నంక పొట్ట గట్టిపడతది. అన్నం మాత్రం ఘోరం. ముందుగాలనే సగం ఉడికించి ఎండబెట్టిన గింజ, ఎంత నీళ్లు పోసినా ఒక్కదానికొక్కటి అంటదు, వాసన లేదు. అప్పుడప్పుడు బోర్డు మీద కర్రీ అని రాసి పసుపు రంగు సాస్‌ల కోడి ముక్కలేసి పెడతరు. నేను వడ్డిస్తుంటే ఒక సార్జెంట్ "ఇది మీ దేశపు కూరేనా?" అని అడిగిండు. "కాదు సార్, ఇది మీ దేశపుదే" అన్న. నవ్వి ఇంకో గంటె ఏయించుకున్నడు.

శుక్రవారం రాత్రి అసలు పండుగ. స్టేక్, లాబ్‌స్టర్ తోకలు, ఒక్కోసారి పీత కాళ్లు. సముద్రమే లేని దేశంల, సముద్రం నించి వందల మైళ్ల దూరంల, ప్లేట్ల గుట్టలు గుట్టలుగ పీత కాళ్లు. మొదటిసారి డబ్బా తెరిచినప్పుడు నేనైతే చేత్తో పట్టుకుని అటు ఇటు తిప్పి చూసిన. రాయి లెక్క గడ్డకట్టి ఉంటయి, ఆవిరి మీద పెడితే ఎర్రగ నిగనిగలాడుతయి. రుచి నిజంగనే బాగుంటది. స్టేక్ మాత్రం ఒకేసారి వందల ప్లేట్లకు కాల్చి ట్రేల పెట్టుడుతోని తోలు అయితుండె. థ్యాంక్స్‌గివింగ్ నాడు పెద్ద పెద్ద ఆఫీసర్లు ఏప్రాన్ కట్టుకుని జవాన్లకు వడ్డిస్తరు. మేము వెనుక నిలబడి ట్రేలు అందిస్తం. ఫోటోలల్ల మేముండం.

శుభ్రతకు ఐదుకు ఐదు ఎందుకిచ్చిననో చెప్త. ప్రతి ట్రేల థర్మామీటర్ గుచ్చి వేడి రాయాలె. వేడిది 140 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద పడొద్దు, చల్లది 40 దాటొద్దు. టైము దాటిన తిండి ఎంత మంచిగున్నా పారేయాలె. మిలిటరీ మెడికల్ ఇన్‌స్పెక్టర్లు చెప్పకుంట వస్తరు, ఫ్రిజ్జు రబ్బర్ల సందుల దాక వేలు పెట్టి చూస్తరు. గుడ్లు ఎట్ల కడగాల్నో, కత్తి ఏ రంగు పలక మీద ఆడించాల్నో, నేల తుడిచే నీళ్లల్ల మందు ఎంత కలపాల్నో, దేనికదే కాగితం. ఇంటికొచ్చినంక చదివిన: అఫ్గాన్ యుద్ధానికి మూలమైన చట్టం, 2001 సెప్టెంబర్‌ల అమెరికా కాంగ్రెస్ పాస్ చేసింది, అండ్ల అసలు వాక్యం ఇంగ్లీషుల 60 పదాలేనట. ఏ దేశం మీద అని లేదు, ఎప్పటి దాక అని లేదు. దిగువ సభల 420 మంది సరే అంటే, వద్దన్నది బార్బరా లీ అనే ఒక్క ఆమె. అఫ్గానిస్తాన్ సరే, యెమెన్, సోమాలియా, సిరియా దాక అదే కాగితం చూపిచ్చి పోయిన్రు. మా మెస్‌ల నేల తుడిచే కాగితం అంతకంటే పెద్దగుండె.

పారేసిన తిండి యాడికి పోతది? బర్న్ పిట్‌కు. పెద్ద గుంత, అండ్లనే ప్లాస్టిక్, అండ్లనే బ్యాటరీలు, అండ్లనే మా ట్రేలల్ల మిగిలిన లాబ్‌స్టర్. గాలి ఇటు తిరిగిందంటే రూముల నిద్రపట్టదు, పొద్దుగాల ఉమ్మితే నల్లగ పడతది. ఆ పొగ తాగి జబ్బు పడ్డ అమెరికా సైనికుల కోసం 2022 ఆగస్టుల వాళ్ల దేశంల పాక్ట్ చట్టం అని తెచ్చిన్రు. మంచిదే, వాళ్లకు దక్కాల్సిందే. అదే పొగ మాతోపాటు నేపాలోళ్లు, ఫిలిప్పీనోళ్లు, అఫ్గాన్ కూలోళ్లు పీల్చిన్రు. ఆ చట్టంల మా ముచ్చట లేదు.

మా మెస్ గురించి రెండు ముక్కలు. మమ్ములను థర్డ్ కంట్రీ నేషనల్స్ అంటరు, పొట్టిగ టీసీఎన్. అమెరికోడు కాదు, అఫ్గానోడు కాదు, మూడోడు. మాకు వేరే మెస్: అన్నం, పప్పు, కోడి, వారం పొడుగునా అదే. పప్పుల ఉప్పు ఉంటే కారం లేదు, కారం ఉంటే పప్పు లేదు. మలయాళీ వంటోడు డ్యూటీల ఉన్న రోజు సాంబారుకు వాసన ఉంటుండె, ఆ రోజు లైన్ పొడుగు. పగలంతా పీత కాళ్లు వడ్డించి రాత్రి ఈడికొచ్చి పప్పు తినుడు మొదట్ల నామోషీ అనిపించింది. తర్వాత పెద్ద మెస్ వాసనకే కడుపు నిండిపోయేది, పప్పే నయమనిపించేది. అఫ్గాన్ కూలోళ్ల కోసం ఏ మెస్సూ లేకుండె. గేటు కాడ సోదాలు అయినంక, ఒక ఎస్కార్ట్ వెంట ఉండంగ లోపలికి వస్తరు. రొట్టె గుడ్డల కట్టుకుని తెచ్చుకుంటరు, ఫ్లాస్కుల చాయ్. గోడ నీడల కూసుండి తింటరు. మనం పోతే ముందుగాల మనకు తుంచి పెట్టినంకనే వాళ్లు తింటరు. నా ఓటు అడిగితే బగ్రాంల ఉత్తమ భోజనం ఆ రొట్టె.

సరుకు ఎట్ల వచ్చేదో స్టోర్లకు మారినంక తెలిసింది. కరాచీ ఓడరేవు నించి లారీలు సరిహద్దు గేట్లు టోర్ఖం మీద, చమన్ మీద అఫ్గానిస్తాన్‌లకు వచ్చేటియి. 2011 నవంబర్ 26న పాకిస్తాన్ సరిహద్దుల సలాలా కాడ అమెరికా విమానాలు 24 మంది పాకిస్తాన్ సైనికులను చంపినంక పాకిస్తాన్ దారులు మూసింది. 2012 జులై దాక తెరవలేదు. సరుకు ఉత్తరం దిక్కు నించి, మధ్య ఆసియా దేశాలు తిరిగి రావాల్సొచ్చింది. స్టోర్ల అరలు పల్చబడ్డయి, మెనూల ఇది లేదు, అది లేదు అని చీటీలు. యుద్ధం బాగ నడుస్తుందా లేదా అని టీవీల పెద్దోళ్లు కొట్లాడుకుంటుంటే మేము పాల డబ్బాల వరుస చూసి చెప్పేటోళ్లం.

ఇగ ఆ లారీల కథ. 2010 జూన్‌ల అమెరికా కాంగ్రెస్ సబ్‌కమిటీ ఒకటి రిపోర్టు ఇచ్చింది. అఫ్గానిస్తాన్‌ల సైనికులకు పోయే సరుకుల 70 శాతం దాక ఒకే ట్రకింగ్ కాంట్రాక్టు కింద నడుస్తది, దాని విలువ 216 కోట్ల డాలర్లు. దారిల లారీలను కాపాడుతమని స్థానిక సాయుధ ముఠాల పెద్దలు పైసలు గుంజుతున్నరు, అండ్ల కొంత తాలిబాన్‌కు పోతుండొచ్చు అని ఆ రిపోర్టే చెప్పింది. అంటే రాత్రిపూట "ఇన్‌కమింగ్, ఇన్‌కమింగ్" అని మైకు మొత్తుకుంటే మేము ట్రే కింద పడేసి నేల మీద బోర్లా పడుకునేటోళ్లం కదా, ఆ వచ్చే రాకెట్ ఖర్చుల ఈ సరుకుల రవాణా పైసలు కూడ ఉండే అవకాశం ఉందన్నట్టు. నీళ్ల సీసాల సంగతి ఇంకోటి. సైన్యానికి తిండి సరఫరా చేసే పెద్ద కాంట్రాక్టరు సుప్రీమ్ ఫుడ్‌సర్వీస్, 2014 డిసెంబర్‌ల అమెరికా కోర్టుల నేరం ఒప్పుకున్నది. స్థానికంగ కొన్న సరుకులకు, సీసా నీళ్లకు ధరలు పెంచి బిల్లులేసిందని కేసు. జరిమానాలు, సెటిల్‌మెంట్లు అన్ని కలిపి 43 కోట్ల డాలర్ల పైన. ఇరాక్, అఫ్గానిస్తాన్ రెండిట్ల కలిపి కాంట్రాక్టులల్ల వృథా, మోసం కింద 3,100 కోట్ల నించి 6,000 కోట్ల డాలర్ల దాక పోయినయని 2011ల వాళ్ల సొంత కమిషనే తేల్చింది. ఆ అంచనాల కింది అంకెకు, పై అంకెకు నడుమ ఉన్న తేడానే చూడుండ్రి. మా కాడ ఒక ఉల్లిగడ్డ బస్తా తక్కువైతే ముగ్గురిని నిలబెట్టి అడిగేటోళ్లు.

గేటు కాడి క్లిక్కర్ నాకు ఊకె యాదికొచ్చేది ఇందుకే. 2002ల, అప్పట్ల అఫ్గాన్ యుద్ధం నడిపిన అమెరికా జనరల్ టామీ ఫ్రాంక్స్, శవాల లెక్క మేము చెయ్యమని చెప్పేసిండు. అఫ్గాన్ జనం ఎంతమంది చస్తున్నరో ఐక్యరాజ్యసమితి మిషన్ పద్ధతిగ లెక్క రాసుడు మొదలుపెట్టింది 2009ల, యుద్ధం మొదలైన ఎనిమిదేండ్లకు. డ్రోన్ దెబ్బల సచ్చిన వయసొచ్చిన మగోళ్లను, కాదని తేలే దాక, శత్రువుల కిందనే లెక్క కడతరని 2012ల అమెరికా పత్రికలనే వచ్చింది. అటు దిక్కు అఫ్గాన్ సైన్యం చూడు: కాగితం మీద 3 లక్షల మంది. కాబూల్ పడ్డంక, 2021 నవంబర్‌ల, మాజీ ఆర్థిక మంత్రి ఖాలిద్ పాయెందానే చెప్పిండు, వాళ్లల్ల ఎక్కువ మంది అసలు లేనే లేరని, లేని సైనికుల జీతాలు కమాండర్లు మింగిన్రని. మా బోస్నియా సూపర్‌వైజర్‌ను ఒక క్లిక్కర్‌తోని వాళ్ల బ్యారక్ తలుపు కాడ కూసోబెడితే వారంల తేలుతుండె.

ఒక ముచ్చట ఈడ చెప్పాలె, రివ్యూకు సంబంధం ఉన్నదే. చెత్త బండి మీద వచ్చే అఫ్గాన్ పిల్లగాడు ఒకడు, హిందీ సినిమాలు చూసి నేర్చిన హిందీల నాతోని మాట్లాడుతుండె. ఒకరోజు డబ్బాల మిగిలిన పల్లి ముద్ద ప్యాకెట్ చూపిచ్చి నవ్విండు. 2001ల వాడు చిన్నోడు. ఆకాశం నించి పసుపు ప్యాకెట్లు పడ్డయట. నిజమే, బాంబులేసుడు మొదలైన అక్టోబర్ 7 రాత్రే అమెరికా రెండు సీ-17 సరుకు విమానాలు 37,500 తిండి ప్యాకెట్లు జారవిడిచినయి. ఒక్కొక్క ప్యాకెట్ ఒక మనిషికి ఒక రోజు తిండి, 2,200 కేలరీలు. ముస్లింలకు ఇబ్బంది కావద్దని మాంసం లేకుంట పప్పు, చిక్కుడు గింజలు, పల్లి ముద్ద, జామ్. ప్యాకెట్ మీద అమెరికా ప్రజల కానుక అని ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్‌ల రాసి ఉంటది. పష్తో లేదు, దరీ లేదు. తిండి దినుసుగ చూస్తే మంచి సరుకే, నేను 4 మార్కులిస్త. గని అదే నెల వేసిన క్లస్టర్ బాంబుల చిన్న బాంబులు కూడ పసుపు రంగువే. పేలకుండ పడి ఉన్నవాటిని ప్యాకెట్ అనుకుని ముట్టొద్దని అమెరికోళ్లే రేడియోల చెప్పాల్సొచ్చింది, తర్వాత ప్యాకెట్ రంగు మార్చిన్రు. ఆ పిల్లగాడు చెప్పింది ఒక్కటే: "అమ్మ మమ్మల్ని రెండిట్ల దేన్నీ ముట్టనియ్యలేదు."

2012 ఫిబ్రవరిల బేస్ బర్న్ పిట్‌కు ఖురాన్లు పోయినయి. పక్కనున్న పర్వాన్ జైలు లైబ్రరీ నించి తీసిన పుస్తకాలు. ఖైదీలు వాటిల రాతల ద్వారా సంగతులు పంపుకుంటున్నరని అనుమానం. గుంత కాడ పనిచేసే అఫ్గాన్ కూలోళ్లు సగం కాలిన పేజీలు చూసిన్రు. తెల్లారి గేటు బయట వేల మంది. దేశమంతా మంటలు, రోజుల తరబడి అల్లర్లల్ల ముప్పై మందికి పైగా పోయిన్రు. ఒబామా, అప్పటి అఫ్గాన్ ప్రెసిడెంటు కర్జాయ్‌కు క్షమాపణ ఉత్తరం రాసిండు. మమ్ములను రూములు దాటొద్దన్నరు. అఫ్గాన్ కూలోళ్లు రాలేదు, చెత్త పేరుకుపోయింది, రొట్టె పెట్టేటోళ్లు లేరు. పదేండ్ల నించి ఆ దేశంల ఉన్న సైన్యం, ట్రేల వేడి అరడిగ్రీ తగ్గితే కనిపెట్టే సైన్యం, ఆ సంచులల్ల ఏమున్నదో సరిగ్గ చూసుకోలేదు.

ఇగ ఏజెంట్ సర్వీసు. పేరు రాయను. లక్షల్ల పైసలు తీస్కున్నడు, రశీదు లేదు. దుబాయ్‌ల సూపర్ మార్కెట్ పని అన్నడు. విజిట్ వీసా మీద దింపి, లేబర్ క్యాంపుల మంచాల మీద పడేసి, ఇగ రేపు ఇగ ఎల్లుండి అని వాయిదాలు. చివరికి "బగ్రాం అయితే సీటున్నది" అన్నడు. అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే కాదనేటోడెవడు? చెప్పిన జీతం ఒకటి, చేతికొచ్చింది ఒకటి. రోజుకు పన్నెండు గంటలు, ఆదివారం లేదు. పాస్‌పోర్ట్ నా జేబుల లేదు. ఇది అమెరికా సైన్యానికి తెలియని సంగతి కాదు. ఇరాక్‌ల కాంట్రాక్టర్లు పనోళ్ల పాస్‌పోర్టులు దాస్తున్నరని తేలి, తిరిగియ్యుండ్రి అని అక్కడి అమెరికా సైన్యం పెద్ద జనరల్ కేసీ 2006లనే ఆర్డరేసిండు. 2012 సెప్టెంబర్ 25న ఒబామా ఇంకో ఆర్డర్ మీద సంతకం పెట్టిండు: అమెరికా సర్కారు కాంట్రాక్టుల పనిచేసేటోని కాడ రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోవద్దు, పాస్‌పోర్ట్ గుంజుకోవద్దు అని. కాగితం మంచిగనే ఉన్నది. అమెరికా కంపెనీ కింద ఒక సబ్ కాంట్రాక్టరు, దాని కింద ఇంకో సబ్, దాని కింద ఏజెంట్, ఏజెంట్ కింద ఊళ్లె ఉండే దళారి. ఆర్డర్ పైనించి దిగుతుంటే ఒక్కో మెట్టు మీద ఇంత ఇంత కారిపోయింది, దళారి దాక వచ్చేసరికి చుక్క లేదు.

సచ్చినా దెబ్బ తగిలినా ఏంది? డిఫెన్స్ బేస్ యాక్ట్ అని 1941 నాటి అమెరికా చట్టం ఉన్నది. దాని కింద ఆ బేసులల్ల పనిచేసే ఏ దేశపోనికైనా కాంట్రాక్టరు ఇన్సూరెన్స్ కట్టాలె. ఈ సంగతి మాకు చెప్పినోడు లేడు, నేను స్టోర్ల గోడకు అతికిచ్చిన నోటీసు చదివి తెలుసుకున్న. విదేశపోనికైతే రావాల్సిన మిగతా పైసలను సగానికి కుదించి ఒక్కసారే ఇచ్చేసే వెసులుబాటు కూడ ఆ చట్టంలనే పెట్టిన్రు. అఫ్గానిస్తాన్‌ల అమెరికా సైనికులు 2,400 మందికి పైగా పోయిన్రు, వాళ్ల పేర్లు ఒక్కొక్కటి రాసి ఉన్నయి. కాంట్రాక్టర్ల కింద పనిచేసి పోయినోళ్లు అంతకంటే ఎక్కువ అని అమెరికాల బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ల అంచనా. అంచనానే ఎందుకంటే, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టిన సావులే అమెరికా లేబర్ శాఖ లెక్కకు వస్తయి. క్లెయిమ్ పెట్టాలని తెలువని ఇంటోళ్ల మనిషి ఏ లెక్కల లేడు.

2021ల ఖాళీ చేసిన కథ నేను టీవీల చూసిన. కొత్త అఫ్గాన్ కమాండర్‌కు కూడ వాళ్లు పోయినంకనే తెలిసిందట. ముందుగాల దోచుకునేటోళ్లు జొరబడ్డరు, తర్వాత అఫ్గాన్ సైన్యం వచ్చింది. 35 లక్షల వస్తువులు వదిలిపోయిన్రని లెక్క: వేలకు వేల నీళ్ల సీసాలు, ఎనర్జీ డ్రింకులు, తయారు భోజనం ప్యాకెట్లు. అవి యాడికి పోతయో నాకు తెలుసు. కాబూల్‌ల బుష్ బజార్ అని ఒకటుండె, ఆ ప్రెసిడెంటు పేరే. అమెరికా బేసుల నించి కారిపోయిన సరుకు అక్కడ అమ్మేటోళ్లు. అదే ఏడు ఆగస్టు 29న, ఆఖరి విమానం ఎగిరే ముందురోజు, కాబూల్‌ల ఒక ఇంటి మీద డ్రోన్ దెబ్బ. పది మంది, అండ్ల ఏడుగురు పిల్లలు. కార్ల బాంబు సామాన్లు ఎక్కిస్తున్నడని అనుకున్నరు. ఆ మనిషి అమెరికా సాయం సంస్థల పనిచేసేటోడు, ఎక్కించింది నీళ్ల డబ్బాలు. పెంటగన్ మొదట సరైన దెబ్బే అన్నది, సెప్టెంబర్ 17న తప్పు ఒప్పుకున్నది.

పోవచ్చునా అని అడిగే పిల్లలకు. క్యాంపు తిండి మీకు దొరికేది పప్పే, పీత కాళ్లు కాదు. పైసలు మిగులుతయా అంటే, అప్పు లేకుంట పోతేనే మిగులుతయి. ఏజెంట్ పేరు మన కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ పోర్టల్‌ల ఉన్నదో లేదో చూడుండ్రి. రిజిస్టర్ అయిన ఏజెంట్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోరాదు. తెలంగాణోళ్లయితే సర్కారు సంస్థ టామ్‌కామ్‌ల ముందుగాల అడుగుండ్రి. విజిట్ వీసా మీద పంపుతనంటే మెట్లు దిగి వచ్చేయిండ్రి. కాంట్రాక్టుల దేశం పేరు, బేస్ పేరు, జీతం డాలర్లల్ల రాసి ఉండాలె. డిఫెన్స్ బేస్ యాక్ట్ ఇన్సూరెన్స్ కంపెనీ పేరు అడిగి, ఆ కాగితం ఫోటో తీసి ఇంటోళ్ల ఫోన్‌కు పంపిండ్రి. పాస్‌పోర్ట్ ఎవడైనా "మా కాడ పెడత" అంటే ఇయ్యకుండ్రి. చలి కోటు ఇక్కడనే కొనుక్కపోండ్రి, అక్కడ ఇస్తమన్నది ఇయ్యరు.